మన ఊరి పేరు ఏ పుస్తకంలో ఉంది?

పెళ్లి పందిట్లో నలుగురు పెద్దలు చేరితే ఒక మాట తప్పకుండా వస్తుంది. ‘మనవాళ్లు రాయలవారి కాలంలో ఇటొచ్చారు’ అని. హోసూరులో అదే మాట, కోవిల్‌పట్టిలో అదే మాట. షోలాపూర్‌లో అయితే ‘మగ్గం నమ్ముకుని వచ్చారు’ అంటారు. పర్లాకిమిడిలో ‘మనం ఎక్కడికీ రాలేదు, ఉన్నచోటే ఉన్నాం, రాష్ట్రాలే మారాయి’ అంటారు. ఇంతలో మనవడు ‘ఎప్పుడొచ్చారు తాతా? ఎందుకొచ్చారు? ఎలా తెలుసు?’ అని అడిగాడనుకోండి. ‘మా తాత చెప్పాడురా’ అన్న దగ్గర కథ ఆగిపోతుంది.

నిజానికి ఈ ప్రశ్నలకు చాలావరకు జవాబులున్నాయి. చరిత్రకారులు, భాషాశాస్త్రవేత్తలు, సాహిత్య పరిశోధకులు ఏళ్ల తరబడి తవ్వి తీసి పుస్తకాలుగా రాసిపెట్టారు. చిక్కల్లా ఏమిటంటే, అందులో ఎక్కువ భాగం ఇంగ్లిషులో ఉంది. యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉంది. మన గురించి రాసిన పుస్తకాలు మన వీధికి రాలేదు. వాటిలో ఏముందో, ఎలా చదవాలో, మన వంతు పని ఏమిటో ఓసారి చూద్దాం.

పండిత గ్రంథం అంటే?

ఊరి కథకూ పండిత గ్రంథానికీ తేడా ఒక్కటే. రాసినాయన ప్రతి మాటకూ ‘ఇది నాకెలా తెలిసింది’ అని చెప్పి తీరాలి. శాసనమా, తాటాకు ప్రతా, కలెక్టరు ఉత్తరమా, ముసలమ్మ నోటి మాటా అన్నది పేజీ కింద ఫుట్‌నోట్‌లోనో, పుస్తకం చివరో ఉండాలి. అచ్చు వేసే ముందు యూనివర్సిటీ ప్రెస్‌లు ఆ విషయం తెలిసిన మరో పండితుడి చేత చదివిస్తాయి. అంతమాత్రాన అందులో ఉన్నదంతా వేదం కాదు. తర్వాత వచ్చినవాళ్లు తప్పు పట్టవచ్చు, పడతారు కూడా. అలా తప్పు పట్టడానికి వీలుగా ఆధారం ముందు పెట్టడమే ఆ పుస్తకాల గొప్ప.

మదురైలో రాసిన హంపీ కథ

రాయలవారితోనే మొదలుపెడదాం. కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. ఆయన గురించి తెలుగు వచనంలో ‘రాయవాచకం’ అనే గ్రంథం ఉంది. దాన్ని అమెరికా పండితుడు ఫిలిప్ వాగనర్ ఇంగ్లిషులోకి అనువదించి, ‘టైడింగ్స్ ఆఫ్ ది కింగ్’ పేరుతో 1993లో వెలువరించారు. చదివితే రాయలవారి కొలువులో కూర్చున్న మనిషి రాసిన వార్తలా ఉంటుంది. మదురై నాయకుడి రాయబారి తన దొరకు పంపిన నివేదిక అన్న పద్ధతిలో కథ నడుస్తుంది.

కానీ వాగనర్ గ్రంథంలోని చిన్న చిన్న ఆనవాళ్లు పట్టి చూసి, ఇది రాయల కాలం నాటిది కాదని తేల్చారు. దాదాపు 1600 ప్రాంతంలో, మదురై నాయకుల కొలువులో పుట్టిందని ఆయన వాదన. అంటే 1565లో విజయనగరం దెబ్బతిన్న ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కొలువు ఒకటి ఆ వైభవాన్ని తెలుగులో తలచుకుంది. తమ అధికారానికి మూలం రాయలవారేనని చెప్పుకోవడం కూడా అందులో ఉంది.

ఇప్పుడు మన పెద్దల మాట గుర్తుచేసుకోండి. ‘రాయలవారి కాలంలో వచ్చాం’ అనుకోవడం నిన్న మొన్నటి అలవాటు కాదన్నమాట. తమిళ దేశంలో ఉండి హంపీని తలచుకోవడానికి నాలుగు వందల ఏళ్ల వయసుంది. మీ వంశం సరిగ్గా ఆ ఇరవై ఏళ్లలోనే వచ్చిందో, ముందో వెనకో వచ్చిందో వేరే విషయం. ఆ తలపు మాత్రం పాతదే.

తంజావూరు కొలువులో ఏం జరిగింది?

తంజావూరు, మదురై, సెంజి నాయకుల మీద అందరూ చూడవలసిన పుస్తకం ‘సింబల్స్ ఆఫ్ సబ్‌స్టెన్స్’. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం ముగ్గురూ కలిసి రాశారు. 1992లో ఢిల్లీలో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. ఒకరు తెలుగు సాహిత్యం, ఒకరు తమిళ, సంస్కృతాలు, ఒకరు ఆర్థిక చరిత్ర తెలిసినవారు. అందుకే యక్షగానాన్నీ, ఐరోపా వర్తకుల కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చదవగలిగారు.

వాళ్లు చెప్పిన సంగతి ఇది. నాయకులు పాత క్షత్రియ రాజుల వేషం కట్టలేదు. మేం శూద్రులం అని గర్వంగా చెప్పుకున్నారు. యుద్ధానికీ దానానికీ ఉన్న చోటు భోగానికీ అన్నదానానికీ ఇచ్చారు. డబ్బు చేతులు మారే కొత్త కాలానికి తగిన కొత్త రాచరికం అది. ఆధారం ఎక్కడ దొరికిందంటే, తంజావూరు కొలువులో పుట్టిన తెలుగు నాటకాల్లో. విజయరాఘవ నాయకుడు తన తండ్రి రఘునాథుడి మీద తానే రాశాడు. రంగాజమ్మ రాసిన ‘మన్నారుదాస విలాసం’లో నాయకుడు ఆ విజయరాఘవుడే. పురుషోత్తమ దీక్షితుడు రాజుగారి అన్నదానం మీదే ఓ నాటకం కట్టాడు.

మనం ‘క్షీణయుగం’ అని బడిలో ఒక్క ముక్కలో దాటేసిన సాహిత్యం ఇది. సరిహద్దు దాటిన తెలుగు కావడం వల్ల ఇటు తెలుగు పాఠాల్లోనూ, అటు తమిళ పాఠాల్లోనూ దానికి చోటు తక్కువైంది. 1673లో నాయకుల ఏలుబడి ముగిసి మరాఠాలు వచ్చాక కూడా తంజావూరులో తెలుగు ఆగలేదు. మరాఠా రాజు శాహజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. తిరువయ్యారులో త్యాగయ్య తెలుగులో పాడడం ఆకాశం నుంచి ఊడిపడ్డ వింత కాదు. ఆ నేల మీద అప్పటికే రెండు శతాబ్దాల తెలుగు ఉంది.

తీసేసిన పద్యాలు, తిరిగొచ్చిన పద్యాలు

పరిశోధన అంటే ఏం చేస్తుందో తెలియాలంటే ముద్దుపళని కథ ఒక్కటి చాలు. ఆమె తంజావూరులో ప్రతాపసింహుడి (1739-63) కొలువులో ఉన్న కవయిత్రి. ‘రాధికా సాంత్వనం’ రాసింది. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ కావ్యాన్ని అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలు తీసేశారు. ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా అందులో పోయింది. ఒక ఆడమనిషి తన వంశాన్ని ఆడవాళ్ల వైపు నుంచి చెప్పుకున్న భాగమే లేకుండా పోయిందన్నమాట.

బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి చూసి, ఏమేం పోయాయో పట్టుకున్నారు. 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠం తెచ్చారు. 1911లో అది అశ్లీలమని ప్రభుత్వం ప్రతుల్ని పట్టించింది. వీరేశలింగంగారి వంటి సంస్కర్త కూడా ముద్దుపళనిని మెచ్చలేదు. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కాలంలో (1946-47) గానీ ఆ నిషేధం తొలగలేదు.

అంతా అయ్యాక కూడా ఆ సంగతి పండితుల మధ్యే ఉండిపోయింది. 1991లో సూసీ తారు, కె.లలిత సంపాదకత్వంలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం వచ్చింది. రెండున్నర వేల ఏళ్ల భారతీయ స్త్రీల రచనల సంకలనం అది. దాని పీఠికకు ముద్దుపళని, నాగరత్నమ్మల కథే నాంది అయింది. తంజావూరు తెలుగు కావ్యం ఒకటి ప్రపంచమంతటా స్త్రీల సాహిత్యం చదివే తరగతుల్లోకి అలా వెళ్లింది. తంజావూరు తెలుగిళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మనల్ని మనమే అడుక్కోవాలి.

బళ్లారిలో 226 తెలుగు బళ్లు

కథల మాట అటుంచి లెక్కల్లోకి వద్దాం. గాంధేయవాది ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అని ఒక పుస్తకం వేశారు. ఇంగ్లిషు చదువులు రాకముందు మన దేశంలో బళ్లు ఎలా ఉండేవో, కంపెనీ కలెక్టర్ల నివేదికలనే బయటపెట్టి చూపించిన పుస్తకం. అందులో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఉంది.

జిల్లా జనాభా 9,27,857. బళ్లు 533. చదివే పిల్లలు 6,641 మంది. ఆ బళ్లలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లిషు ఒకే ఒక్కటి! అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిందే. ఆ సంగతి మరచిపోకూడదు. అయినా కన్నడం, తెలుగు దాదాపు సరిసమానంగా నడిచిన జిల్లా అని తేటతెల్లం. 1953లో బళ్లారి ఎటు చేరాలని ఎంత గొడవ జరిగిందో తెలిసిన పెద్దలకు ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇందులో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. పక్కపక్క అరుగుల మీద రెండు భాషలూ బతికాయి.

క్యాంప్‌బెల్ పొగడ్తలే రాయలేదు. పిల్లలు పద్యాలు చిలకపలుకుల్లా వల్లిస్తారు గానీ అర్థం తెలియదని మొహమాటం లేకుండా రాశాడు. విలాయతీ బట్ట దిగుమతి వల్ల నేతగాళ్లు చితికిపోయి, పిల్లలకు బడి ఖర్చు పెట్టుకోలేకపోతున్నారనీ రాశాడు. తన సర్కారుకే చేదైన మాట అది.

ఇంకో విశేషం. ఈ క్యాంప్‌బెలే 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. దానికి ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ రాసిన ముందుమాటలోనే తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమనీ, సంస్కృతం నుంచి పుట్టలేదనీ మొదటిసారి ఆధారాలతో రుజువైంది. కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో. ఎల్లిస్ వెనక పట్టాభిరామశాస్త్రి వంటి తెలుగు పండితుల ధాతువుల పట్టికలు ఉన్నాయి. ఈ కథంతా థామస్ ట్రౌట్‌మన్ 2006లో ‘లాంగ్వేజెస్ అండ్ నేషన్స్’లో విడమరచి చెప్పారు.

నల్లరేగడి, మగ్గం

రాజులు, కవులు, దొరలేనా? మామూలు జనం సంగతేమిటి అంటారా? వాళ్ల మీదా పుస్తకాలున్నాయి. తిరునెల్వేలి వైపు తెలుగువాళ్లు నల్లరేగడి మెట్ట భూముల్లోనే ఎందుకు ఎక్కువ కనిపిస్తారు? డేవిడ్ లడెన్ 1985లో వేసిన ‘పెజెంట్ హిస్టరీ ఇన్ సౌత్ ఇండియా’ చూడండి. తామ్రపర్ణి ఒడ్డున మాగాణి అప్పటికే పాత కాపుల చేతిలో ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన ‘వడుగులు’ నీరు తక్కువైన నల్లరేగడిని సాగులోకి తెచ్చారు. మెట్ట సేద్యం వాళ్లకు అలవాటైన పని. ఇంట్లో తాత చెప్పే ‘అడవి కొట్టి ఊరు కట్టాం’ అన్న మాటకు పుస్తకంలో ఇలా తోడు దొరుకుతుంది.

షోలాపూర్ పద్మశాలీల సంగతి డగ్లస్ హేన్స్ 2012లో వేసిన ‘స్మాల్ టౌన్ క్యాపిటలిజం ఇన్ వెస్టర్న్ ఇండియా’లో ఉంది. మిల్లులొచ్చాక చేనేత చచ్చిపోయిందని మనం పాఠాల్లో చదువుకున్నాం. హేన్స్ అలా కాదంటారు. నైజాం రాజ్యం నుంచి వచ్చిన నేతగాళ్లు షోలాపూర్ వంటి ఊళ్లలో కార్ఖానాలు పెట్టారు. కొత్త రంగులు, కొత్త పరికరాలు పట్టుకున్నారు. తర్వాత పవర్‌లూమ్‌కు మారారు. అందులో కొందరు యజమానులైతే ఎక్కువమంది వాళ్ల దగ్గరే కూలికి కూర్చున్నారు. మనవాళ్ల తెలివినీ, మనవాళ్లే మనవాళ్లకిచ్చిన తక్కువ కూలినీ ఆ పుస్తకం కలిపే చూపిస్తుంది.

పర్లాకిమిడి పంతులుగారు

పండితులంటే దూరదేశాల వాళ్లేనని అనుకోనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. వ్యావహారిక భాష కోసం ఆయన పోరాటం అందరికీ తెలుసు. కొండల మీది సవరల భాషను ఇంట్లో ఒక సవర మనిషిని పెట్టుకుని నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి మాట మాటా రాసుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

ఆయన తన భాష హద్దులు దాటి పక్కవాళ్ల భాషకు అంత పని చేశారు. ఆ తర్వాత సవరల మీద వెరియర్ ఎల్విన్ (1955), పియర్స్ విటెబ్‌స్కీ (1993) ప్రసిద్ధ గ్రంథాలు రాశారు. ఆ దారిలో మొదటి అడుగులు పర్లాకిమిడి బడిపంతులివి.

నచ్చని మాట కూడా వినాలి

ఈ పుస్తకాలు మనల్ని మెచ్చుకోవడానికి రాసినవి కావు. ఉదాహరణకు లీసా మిచెల్ 2009లో వేసిన ‘లాంగ్వేజ్, ఎమోషన్, అండ్ పాలిటిక్స్ ఇన్ సౌత్ ఇండియా’. మనిషికి ‘మాతృభాష’ ఒకటే ఉంటుంది, అదే అతడి గుర్తింపు అన్న భావన తెలుగునాట పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై బలపడిందని ఆమె వాదన. అంతకుముందు పూజకు ఒక భాష, లెక్కకు ఒకటి, కచేరీకి ఒకటి, ఇంట్లో ఒకటి వాడుకునేవాళ్లు. ఏ భాష వాడామన్నది చేసే పనిని బట్టి ఉండేది. 1952లో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ నాటికి భాష కోసం ప్రాణం ఇచ్చే స్థితి ఎలా వచ్చిందన్నది ఆమె ప్రశ్న.

మొదట కష్టంగానే ఉంటుంది. ‘అమ్మ భాషను కొత్తదంటుందేమిటి’ అనిపిస్తుంది. నెమ్మదిగా ఆలోచిస్తే సరిహద్దు మనిషికి ఇందులో ఒక ఊరట కనిపిస్తుంది. బజార్లో కన్నడం, బడిలో ఇంగ్లిషు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడు సగం తెలుగువాడేమీ కాదు. 226 బళ్లూ, 235 బళ్లూ ఉన్న నాటి బళ్లారిలోనూ ఒకటికి మించి భాషలతో బతికిన పిల్లలు ఉండే ఉంటారు. ఒప్పుకుంటారా, కాదంటారా అన్నది మీ ఇష్టం. కాదనాలన్నా ముందు చదవాలి గదా.

ఎలా చదవాలి? ఎక్కడ వెతకాలి?

ఇంగ్లిషు భయం వద్దు. ఇలాంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని రూలేం లేదు. ముందుమాట చదవండి, వాదన తెలిసిపోతుంది. తర్వాత చివరి పేజీల్లో ఇండెక్స్ తెరిచి మీ ఊరి పేరు, మీ కులం పేరు, మీ గుడి పేరు వెతకండి. ఆ రెండు పేజీలు చదివాక ఫుట్‌నోట్ చూడండి. అక్కడి నుంచి ఇంకో పుస్తకానికి దారి దొరుకుతుంది.

పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. తంజావూరు ‘టాంజోర్’గా ఉంటుంది. హోసూరు సంగతులు సేలం, బారామహల్ కింద ఉంటాయి. బరంపురం, పర్లాకిమిడి గంజాం కింద వస్తాయి. యానాం ‘యానాఓన్’ అని ఫ్రెంచి కాగితాల్లో దొరుకుతుంది. తెలుగును పాత ఇంగ్లిషు పుస్తకాల్లో ‘జెంటూ’ అనేవారు. తమిళ దేశపు తెలుగువాళ్లు ‘వడుగ’, పోర్చుగీసు పాద్రీల ఉత్తరాల్లో ‘బడగ’. ఈ పేర్లు తెలియక చాలామంది ‘మావాళ్ల గురించి ఏమీ లేదు’ అని పుస్తకం మూసేస్తారు.

కొత్త పుస్తకాలు ఖరీదే. నలుగురు కలిసి ఒక ప్రతి కొనుక్కోవచ్చు. ఊళ్లో తెలుగు సంఘం ఉంటే ఉగాది ఖర్చులో కొంత దీనికి తీయవచ్చు. కాపీరైటు తీరిన పాత వ్యాకరణాలు, నిఘంటువులు, జిల్లా మాన్యువళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. 1904లో డబ్ల్యు.ఫ్రాన్సిస్ రాసిన బళ్లారి గెజిటీర్ అలాంటిదే. కాలేజీలో చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక అధ్యాయం చదివి తాతయ్యకు తెలుగులో చెప్పమనండి. ఇద్దరికీ మంచిదే.

మీ అటక మీద ఏముంది?

చివరిగా ఒక మాట. ఈ పుస్తకాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? తంజావూరు సరస్వతీ మహల్‌లో, చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తాటాకులు మిగిలి ఉండబట్టి వచ్చాయి. కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా మనుషుల్ని పెట్టి కైఫియత్తులు రాయించబట్టి వచ్చాయి. బ్రౌన్ దొర తన జేబు డబ్బుతో ప్రతులు రాయించబట్టి వచ్చాయి. గిడుగు సవర మాటలు విని రాసుకోబట్టి వచ్చాయి.

మన ఇళ్లలో ఇంకా మిగిలే ఉన్నాయి. పాత పెట్టెలో తాటాకుల కట్ట, తెలుగులో రాసిన భూమి పత్రం, నేత కార్ఖానా లెక్కల పుస్తకం, అమ్మమ్మ పెళ్లిపాటల నోటుబుక్కు. ఇంట్లో తెలుగు చదివే చివరి మనిషి పోగానే అవి పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోతున్నాయి. కొనేవాడికి అది కిలో కాగితం. రేపు మన గురించి రాయబోయే పరిశోధకుడికి అదే ఆధారం. అది పోతే ఆ పేజీ ఎవరూ రాయలేరు.

కాబట్టి పారేసే ముందు ఒక్క ఫొటో తీయండి. ఎవరిది, ఏ ఊరిది, ఏ ఏడాదిది అన్నది వెనక రాసిపెట్టండి. దగ్గరి కాలేజీలో చరిత్ర మాస్టారికో, లైబ్రరీకో చూపించండి. ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఓ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. మన ఊళ్లో నాగలి భాగాల పేర్లేమిటి, పుట్టింటివాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ పాట ఎవరు నేర్పారు అని. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అప్పుడు ‘ఎలా తెలుసు తాతా?’ అని మనవడు అడిగితే, ఇదిగో అని చేతికివ్వడానికి ఒకటుంటుంది.